హోమీ భాభా

శంషాబాదులో 2008లో కొత్త విమానాశ్రయం ప్రారంభమయ్యే వరకు హైదరాబాదు ప్రయాణికుల విమానాలు బేగంపేటలో దిగేవి. ఆ బేగంపేటలోనే దేశమంతటా యురేనియం నిక్షేపాలను అన్వేషించే అణు ఖనిజ సంస్థ ప్రధాన కార్యాలయం ఉంది. నగరంలో 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ అణు రియాక్టర్లకు ఇంధనాన్ని సమకూరుస్తోంది. ఈ కృషికంతటికీ బాట వేసిన మహనీయుడు హోమీ జహంగీర్ భాభా.

ఆయన 1909 అక్టోబరు 30న బొంబాయిలో ఒక సంపన్న పార్శీ కుటుంబంలో జన్మించారు. తండ్రి కోరిక మేరకు కేంబ్రిడ్జిలో ఇంజనీరింగు చదివినా, ఆయన మనస్సు భౌతికశాస్త్రంపైనే లగ్నమైంది. విశ్వకిరణాలపై పరిశోధనలు చేసి పిన్న వయస్సులోనే కీర్తి గడించారు. 1939లో సెలవులకు స్వదేశం వచ్చినప్పుడు రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైంది. తిరిగి వెళ్ళే వీలులేక బెంగుళూరులో సి.వి. రామన్ నేతృత్వంలోని భౌతికశాస్త్ర విభాగంలో చేరారు. 1945లో టాటా పరిశోధన సంస్థను నెలకొల్పారు. 1948లో అణుశక్తి సంఘానికి అధ్యక్షులయ్యారు. మరుసటి ఏడాదే ఖనిజాన్వేషణ మొదలైంది.

మన దేశంలో యురేనియం తక్కువ, థోరియం ఎక్కువ. పైగా సహజ యురేనియంలో సులభంగా విచ్ఛిత్తి చెందే భాగం వెయ్యింట ఏడు పాళ్ళు మాత్రమే. అందుచేత భాభా మూడు దశల ప్రణాళిక రచించారు. మొదటి దశలో యురేనియాన్ని వాడాలి. వాడిన ఇంధనం నుండి ప్లుటోనియాన్ని వేరుచేసి రెండవ దశలో వినియోగించాలి. మూడవ దశలో థోరియం నుండి శక్తిని పొందాలి. ఇతరులు వ్యర్థమని భావించినదే ఆయన దృష్టిలో రేపటి ఇంధనం. ఈ లక్ష్యంతోనే 1964లో ట్రాంబేలో ప్లుటోనియం కర్మాగారం పని ప్రారంభించింది.

అయితే అంతటితో సమస్య తీరలేదు. ఇంధనాన్ని శుద్ధి చేసిన పిదప మిగిలే తీవ్ర రేడియోధార్మిక పదార్థాన్ని గాజులో బంధించి తరతరాలు కాపాడవలసి ఉంటుంది. గని వద్ద మిగిలేది మరొక భారం. కడప జిల్లా తుమ్మలపల్లిలో టన్ను రాతిలో అర కిలో యురేనియం కూడా ఉండదు. తక్కినదంతా వ్యర్థాల చెరువుకు చేరుతుంది. తమ భూగర్భజలాలు కలుషితమవుతున్నాయని అక్కడి రైతులు ఆందోళన వ్యక్తం చేశారు. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019లో తెలంగాణ శాసనసభ తీర్మానించింది.

1966 జనవరి 24న భాభా ప్రయాణిస్తున్న విమానం ఆల్ప్స్ పర్వతాలలో కూలిపోయింది. యాభై ఆరేళ్ళకే ఆయన కన్నుమూశారు. ఆయన కలగన్న మూడవ దశ నేటికీ పూర్తిగా సాకారం కాలేదు. వాడిన ఇంధనంలో సంపదను చూడగలగడం భాభా దూరదృష్టికి నిదర్శనం. ఆ సంపద వెనుక మిగిలే విషాన్ని నేలకు, నీటికి సోకకుండా కాపాడడం తరువాతి తరాల శాస్త్రజ్ఞుల బాధ్యత. ఆ రెండూ నెరవేరిననాడే ఆయన ఆశయం సంపూర్ణంగా ఫలిస్తుంది.