జార్జి వాషింగ్టను కార్వరు

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మిస్సోరి రాష్ట్రమున డైమండు అను చిన్న ఊరు కలదు. ఆ ప్రాంతమున మోజెస్ కార్వరు అను రైతు సేద్యము చేయుచుండెను. నల్లజాతివారిని పశువులవలె కొనుటయు, అమ్ముటయు ఆనాడచట ఆచారము. మోజెస్ కొనిన మేరీ అను బానిసస్త్రీకి 1864 ప్రాంతమున జార్జి జన్మించెను. అతడు పుట్టిన దినమేదో వ్రాసియుంచినవారు లేరు.

జార్జి పసికందుగా నుండగనే బందిపోట్లు తల్లిని, బిడ్డను ఎత్తుకొనిపోయిరి. మోజెస్ పంపిన మనుష్యుడు బిడ్డను మాత్రమే తిరిగి తేగలిగెను. తల్లి జాడ మరల తెలియలేదు. 1865లో బానిసత్వము రద్దయ్యెను. మోజెస్ దంపతులు అనాథబాలుని తమ యింటనే పెంచిరి. జార్జి మిక్కిలి బలహీనుడు. పొలముపనికి ఓర్వలేక, ఇల్లాలు సుసాను వెంట వంటయింటనే యుండెడివాడు. రొట్టె కాల్చుట, బట్టలుతుకుట, పెరటిమొక్కలను సాకుట అచటనే నేర్చెను. ఈ పనులే పిదప అతనికి చదువు పెట్టినవి.

దగ్గరి బడిలో నల్లజాతి బాలురకు ప్రవేశము లేదు. జార్జి ఇల్లు విడిచి నియోషో పట్టణము చేరి, ఒక నల్లజాతి దంపతుల యింట పనిచేయుచు చదువుకొనెను. అటుపై కాన్సాస్ రాష్ట్రమున వంటలు చేసి, బట్టలుతికి ఉన్నతపాఠశాల చదువు ముగించెను. అచటి కళాశాల యొకటి ఉత్తరముద్వారా సీటిచ్చి, తీరా వచ్చిన పిదప అతని మేనిరంగు చూచి పొమ్మనెను. అయినను అతడు చదువుపై ఆశ వదలలేదు. 1890లో అయోవాలోని సింప్సన్ కళాశాలలో చేరి, పిదప అచటి వ్యవసాయ కళాశాలకు మారి, 1896 నాటికి ఎం.ఎస్. పట్టమును పొందెను.

ఆ సంవత్సరమే బుకర్ టి. వాషింగ్టను ఆహ్వానముపై కార్వరు అలబామాలోని టస్కీగీ విద్యాలయమునకు అధ్యాపకుడుగా వెళ్లెను. అచటి భూములు ఏటేట ప్రత్తి వేయుటచే నిస్సారమైయుండెను. కౌలురైతులు అప్పులలో మునిగియుండిరి. వేరుసెనగ, అలసంద పైరుల వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చును. కావున ప్రత్తికి మారుగా వీనిని వేయుడని కార్వరు బోధించెను. 1906లో పనిముట్లతో నిండిన బండియే బడిగా పల్లెలకు బయలుదేరెను. ఇంతలో ప్రత్తికాయ తొలుచు పురుగు ఆ రాష్ట్రమున ప్రవేశించి పంటను నాశము చేయసాగెను.

అయితే ప్రత్తిని కొనువారు కలరు. వేరుసెనగ నెవరు కొందురు? బీదరైతు భయమిదియే. కొనువారు లేకున్నను పంట వ్యర్థము కారాదని కార్వరు తలంచెను. 1916లో, వేరుసెనగను పండించు పద్ధతిని, వండుకొను 105 విధములను తెలుపు చిన్నపుస్తకమును ప్రకటించెను. అందు చారు, రొట్టె, మిఠాయి, కేకు మున్నగునవి కలవు. గింజలను పొట్టు వదలువఱకు వేయించి, చెరిగి, మెత్తగా విసరిన వేరుసెనగ వెన్న సిద్ధమగును. ఈ వెన్నను కార్వరే కనిపెట్టెనను మాట సరికాదు. 1884లోనే కెనడావాసి ఎడ్సన్ అట్టి ముద్దకు పేటెంటు పొందెను.

కేకు చేయుటయు కష్టము కాదు. విసరిన వేరుసెనగను గోధుమపిండి, చెరకు పానకము, కొవ్వు, కోడిగ్రుడ్డులతో కలిపి, దాల్చినచెక్క పొడియు, వంటసోడాయు చేర్చి పొయ్యిలో కాల్చవలెను. పానకములోని పులుపు సోడాతో కలిసినపుడు వాయువు పుట్టి పిండి పొంగును. మాంసము కొనలేని యింట ఆ గింజలే బలమైన ఆహారము. సుసాను వంటయింట అబ్బిన నేర్పు ఈ విధముగా వేలాది పేదల వంటయిండ్లకు చేరెను.

1921లో దిగుమతి సుంకమును గూర్చి చెప్పుటకు శాసనసభాసంఘము ఆయనకు పదినిమిషముల వ్యవధి నిచ్చెను. ఆయన మాటలకు ముగ్ధులై సభ్యులు ఆ వ్యవధిని పొడిగించిరి. వేరుసెనగనుండి ఆయన మూడువందలకు పైగా వస్తువులు తయారుచేసెనని ప్రసిద్ధి. అందు పెక్కు అంగడి కెక్కలేదు. ఆయన ధనము నాశింపనులేదు. కూడబెట్టిన సొమ్మును పరిశోధనలకై టస్కీగీలో నెలకొల్పిన సంస్థకిచ్చి, 1943 జనవరి 5న కన్నుమూసెను. ఆ యేడే ఆయన జన్మస్థలమును ప్రభుత్వము జాతీయస్మారకముగా ప్రకటించెను.

ఒకనాడు గుఱ్ఱమునకు మారుగా విడిపింపబడిన బిడ్డ యని చెప్పుకొనబడు కార్వరు, తనకబ్బిన విద్యను నిరుపేద పొయ్యి దగ్గఱకు చేర్చెను. అన్నము పెట్టు విద్యయే లోకమున చిరకాలము నిలుచును.