నెపోలియన్ కడుపునొప్పి

ఫిరంగులకు చావని నెపోలియన్‌ని కడుపులో పుండు తీసుకెళ్లింది. 1769లో కార్సికా దీవిలో పుట్టాడు. 1804లో ఫ్రాన్స్ చక్రవర్తి అయ్యాడు. 1815లో వాటర్లూలో ఓడాక ఇంగ్లీషువాళ్లు అట్లాంటిక్ నడుమ సెయింట్ హెలీనా దీవికి పంపేశారు. అక్కడ చివరి రోజుల్లో కడుపునొప్పి, వాంతులతో మనిషి చిక్కిపోయాడు. 1821 మే 5న, 51 ఏళ్లకే పోయాడు. మర్నాడు శవపరీక్షలో కడుపులో పెద్ద పుండు బయటపడింది. క్యాన్సరేనని ఎక్కువమంది డాక్టర్ల అభిప్రాయం. వాళ్ల నాన్న కూడా 1785లో కడుపు జబ్బుతోనే పోయాడు.

అప్పట్లో బతికున్న మనిషి కడుపులోకి చూసే దారి లేదు. ఇప్పుడు ఎండోస్కోపీ ఉంది. కెమెరా గొట్టం దింపి, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. ప్లాస్టరింగ్‌లాగే కడుపు గోడకీ పొరలుంటాయి. క్యాన్సర్ లోపలివైపు మొదటి రెండు పొరలు దాటకపోతే తొలిదశ. ఇది 1962లో జపాన్ డాక్టర్లు పెట్టిన లెక్క. ఉబ్బితే ఒకటో రకం, దాదాపు చదునుగా ఉంటే రెండు, గుంటపడితే మూడు. ఈ దశలో దొరికితే చాలామందికి నయమవుతుంది. కానీ అప్పుడు నొప్పి తెలియకపోవచ్చు.

మనం సైటులో గ్యాస్ బిళ్ల మింగి పనిలోకి దిగిపోతాం. మంట వారాల తరబడి తగ్గకపోయినా, బరువు తగ్గినా, విరేచనం నల్లగా అయినా డాక్టరుకు చూపించుకోండి. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చుంటే అదీ చెప్పండి.