రాబందు విలువ తెలిసిన సలీం అలీ

ఈ పాఠం చదివాక మీరు:
● సలీం అలీ జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
● రాబందులు మనకు చేసే మేలును వివరించగలుగుతారు.

పరిచయం

ఇతరుల సొమ్ము కాజేసేవాడిని మనం రాబందు అని తిడతాం. కాని రామాయణంలో సీతమ్మ కోసం ప్రాణాలిచ్చిన జటాయువు రాబందే. మరి ఈ పక్షి మంచిదా, చెడ్డదా? పక్షులను అలా మంచివి, చెడ్డవి అని విడదీయకుండా, అవి చేసే పనిని గమనించమని మనకు నేర్పినవారు సలీం అలీ. ఆయన జీవితం గురించి తెలుసుకుందాం.

బాల్యం

సలీం అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు. మూడేళ్లు నిండేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచారు. సలీంకు సుమారు పదేళ్ల వయసులో ఒకరోజు గాలి తుపాకితో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అది ఏ పిచ్చుకో మేనమామకూ తెలియలేదు. ఆయన పిల్లవాడిని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపారు. ఆ సంఘం కార్యదర్శి మిలార్డ్ విసుక్కోకుండా పక్షి పేరు చెప్పి, సంఘంలో భద్రపరిచిన పక్షులన్నీ చూపించారు. ఆ రోజుతో సలీం దారి మారింది.

ఉద్యోగం పోయినా చదువు ఆగలేదు

సలీం అలీకి విశ్వవిద్యాలయ పట్టా లేదు. కొంతకాలం బర్మాలో వ్యాపారం చేశారు, కలిసి రాలేదు. తరువాత బొంబాయి మ్యూజియంలో గైడుగా పనిచేశారు. జర్మనీ వెళ్లి స్ట్రెసెమాన్ అనే శాస్త్రవేత్త వద్ద శిక్షణ పొందారు. 1930లో తిరిగి వచ్చేసరికి, డబ్బు లేదని ఆ ఉద్యోగాన్నే తీసివేశారు! భార్య తెహ్మీనాతో కలిసి సముద్రం ఒడ్డున ఉన్న కిహిం గ్రామంలో కాపురం పెట్టారు. అక్కడ గిజిగాడి గూళ్లను రోజుల తరబడి గమనించి రాసిన వ్యాసం ఆయనకు పేరు తెచ్చింది. ఉద్యోగం లేని కాలాన్నే ఆయన చదువుకునే కాలంగా మార్చుకున్నారు. మీరూ ఈ విషయం గుర్తుంచుకోండి.

హైదరాబాద్ నుంచి సూరత్ అడవుల దాకా

తన ఖర్చులు భరిస్తే చాలు, జీతం అక్కరలేదు, మీ రాజ్యంలోని పక్షులను సర్వే చేస్తానని ఆయన సంస్థానాలను అడిగారు. అలా 1931-32లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగారు. తెహ్మీనా కూడా వెంట ఉండి గుడారాల బాగోగులు చూసుకున్నారు. 1939లో ఆమె మరణించారు. ఆ దుఃఖంలోనూ ఆయన పని ఆపలేదు. 1941లో భారతదేశపు పక్షుల మీద అందరికీ అర్థమయ్యే పుస్తకం తెచ్చారు.

1940లలో గుజరాత్ పక్షులను సర్వే చేశారు. అప్పట్లో సూరత్ డాంగ్స్ అని పిలిచిన అడవులు కూడా అందులో ఉన్నాయి. మన జిల్లాల నుంచి ఎందరో చేనేత కుటుంబాల వారు మరమగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన సూరత్ నగరం పేరు మీరు వినే ఉంటారు. ఆ నగరంలో పార్సీలు పూర్వం నుంచి ఉన్నారు. నిప్పు, నీరు, నేల అపవిత్రం కాకూడదని వారు సంప్రదాయంగా శవాలను దహనం చేసేవారు కాదు, పూడ్చేవారు కాదు. ఎత్తైన గుండ్రని కట్టడంలో రాబందులకు వదిలేసేవారు. రాబందు పనిని ఇంత గౌరవించిన సంప్రదాయం అరుదు.

రాబందు ఏం చేస్తుంది?

రాబందు సాధారణంగా వేటాడదు. చచ్చిన పశువునే తింటుంది. కళేబరంలో తల దూర్చినా మురికి అంటుకోకుండా తల, మెడ దాదాపు బోడిగా ఉంటాయి. దాని కడుపులోని ఆమ్లం చాలా రోగక్రిములను చంపేస్తుంది. మన రాబందులు ఆకాశం నుంచి చూపుతో ఆహారాన్ని వెతుకుతాయి. అమెరికాలోని టర్కీ రాబందు వాసనతో కూడా పసిగడుతుంది. పని మాత్రం ఒకటే: ఊరి పొలిమేర కుళ్లిపోకుండా కాపాడడం.

ఆయన తరువాత

ప్రభుత్వం ఆయనకు 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ ఇచ్చింది. భరత్‌పూర్ పక్షుల రక్షణ కోసం ఆయన ఎంతో కృషి చేశారు. 1987 జూన్ 20న కన్నుమూశారు. అప్పటికి మన దేశంలో తెల్లవీపు రాబందులు లెక్కలేనన్ని ఉండేవి.

పదేళ్లు గడిచాయి. రాబందులు మాయమవుతున్నాయని ఆయన సంఘం శాస్త్రవేత్తలు గుర్తించారు. ఎక్కడో కాదు, ఆయన కాపాడిన భరత్‌పూర్‌లోనే! 1992 నుంచి 2007 లోపు తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిదికి పైగా తగ్గిపోయాయి. కారణం 2004లో లోకానికి తెలిసింది. పశువుల నొప్పికి వాడే డైక్లోఫెనాక్ మందు కళేబరంలో మిగిలి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేస్తోంది. రాబందు ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. అందుకే పోయినవి త్వరగా తిరిగి రావు. రాబందులు లేక పార్సీల సంప్రదాయం చిక్కులో పడింది. కళేబరాలు వీధికుక్కల పాలయ్యాయి.

2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందును నిషేధించింది. 2013లో తెలంగాణలోని బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద పొడవుముక్కు రాబందులు కనిపించాయి. ఆశ ఇంకా ఉంది.

మీ ఇంట్లో పశువులున్నాయా? నొప్పికి మందు రాయించేటప్పుడు, రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఇవ్వవచ్చునా అని పశువైద్యుడిని అడగండి. సలీం అలీ పని అంతా ఒక పిల్లవాడి ప్రశ్నతో మొదలైంది. మీ ప్రశ్న కూడా చిన్నది కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సలీం అలీ జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన ఏది?
2. ఉద్యోగం పోయిన కాలాన్ని ఆయన ఎలా ఉపయోగించుకున్నారు?
3. పశువుల మందు రాబందులను ఎలా చంపింది?
4. మీ ఊళ్లోని పెద్దలను అడిగి, వారు రాబందులను చివరిసారి ఎప్పుడు చూశారో అయిదు వాక్యాల్లో రాయండి.