పిఠాపురం మైనరు జమీందారు

పిఠాపురం జమీందారు గంగాధర రామారావు 1890లో కన్నుమూసేనాటికి కుమారుడు రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు అయిదేళ్ల పసివాడు. 1885 అక్టోబరులో పుట్టిన ఆ బిడ్డడి పేర తండ్రి విల్లు రాసి పోయారు. గోదావరి జిల్లాలోని పెద్ద జమీలలో అదొకటి. సంతకం పెట్టడానికి కూడా వయసు లేనివాడు దానికి యజమాని అయ్యాడు.

ఇటువంటి ఎస్టేట్లను చూడడానికే మద్రాసు రాజధానిలో కోర్టు ఆఫ్ వార్డ్స్ ఉండేది. పేరులో కోర్టు ఉన్నా అది న్యాయస్థానం కాదు. 1804 నాటి 5వ రెగ్యులేషన్ ప్రకారం రెవెన్యూ బోర్డే ఆ పెత్తనం చేసేది. జిల్లాలో దాని తరఫున కలెక్టరు, ఆయన కింద మేనేజరు పని నడిపేవారు. ముందు సర్కారుకు పేష్కషు కట్టాలి. తర్వాత దివాణం ఖర్చు, పిల్లవాడి చదువు, చెరువుల మరమ్మతు, పాత అప్పులు. బంధువులు, దివాన్లు పసివాడి పేర దస్తావేజులు పుట్టించుకునే వీలు బాగా తగ్గింది. మైనరు జమీందార్ల చదువుకని మద్రాసులో న్యూయింగ్టన్ అనే బసను కూడా కోర్టు ఆఫ్ వార్డ్స్ నడిపింది.

అయితే పిఠాపురంలో అసలు తగాదా ఇంట్లోనే ఉంది. సూర్యారావు పుట్టకముందే గంగాధర రామారావు ఒకరిని దత్తత చేసుకున్నారు. ఆ దత్తపుత్రుడు జమీ తనదేనంటూ దావా వేశారు. బాలుడి పక్షాన కోర్టు ఆఫ్ వార్డ్స్ ప్రతివాదిగా నిలిచింది. వ్యాజ్యం జిల్లా నుంచి మద్రాసుకు, అక్కడి నుంచి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు చేరింది. మామూలు ఉమ్మడి కుటుంబపు ఆస్తి అయితే కొడుకు వాటాను తండ్రి విల్లు తుడిచెయ్యలేదు. పిఠాపురం పంపకానికి వీలులేని జమీ. అటువంటి జమీలో కొడుకుకు పుట్టుకతో హక్కు రాదనీ, జమీందారు దాన్ని విల్లు ద్వారా ఇష్టమైనవారికి ఇవ్వవచ్చనీ 1899లో తీర్పు వచ్చింది. ఆ విల్లు లేకపోతే ఎవరు వారసులన్న శాస్త్రచర్చలో ఇంకెన్నేళ్లు గడిచేవో! గెలిచినవాడికి అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు.

దత్తుడి పక్షాన చూస్తే ఆ తీర్పు కఠినమైనదే. కొడుకుగా తెచ్చుకున్నవారికి జమీలో హక్కు లేకుండా పోయింది. ఆయన కుమారుడు మనోవర్తి కోరుతూ మళ్లీ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లారు. 1918లో అదీ తోసివేశారు. ఈ రెండు పిఠాపురం కేసులు న్యాయవాదులకు చిరపరిచితాలు.

సాధారణంగా 18 ఏళ్లకు మైనారిటీ తీరుతుంది. కాని 1875 నాటి చట్టం ప్రకారం కోర్టు ఆఫ్ వార్డ్స్ కింద ఉన్నవారికి అప్పట్లో 21 ఏళ్లు నిండాల్సి ఉండేది. సూర్యారావు ఆ వయసుకు వచ్చింది 1906లో. జమీ చేతికి వచ్చాక ఆయన చేసిన ఖర్చు దివాణాలకు కొత్తది. రఘుపతి వేంకటరత్నం నాయుడు ప్రిన్సిపాలుగా ఉన్న కాకినాడ పిఠాపురం రాజా కళాశాలను పోషించారు. కాకినాడలో అనాథ శరణాలయం, హరిజన విద్యార్థులకు వసతిగృహం పెట్టారు. బ్రహ్మసమాజానికి అండగా నిలిచారు. జయంతి రామయ్య పంతులు ప్రభృతుల ఆంధ్ర సాహిత్య పరిషత్తు తలపెట్టిన మహానిఘంటువుకు ధనమిచ్చారు. సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది.

నేడు కోర్టు ఆఫ్ వార్డ్స్ లేదు. 1956 నాటి చట్టం ప్రకారం హిందూ మైనరు పేర ఉన్న భూమిని తల్లిగాని తండ్రిగాని అమ్మాలంటే కోర్టు అనుమతి ఉండాలి. అప్పట్లో కలెక్టరు కాసిన కాపలా అది.

ప్రివీ కౌన్సిల్ దాకా పోయి నిలబెట్టుకున్న ఆ జమీ 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం కింద ప్రభుత్వపరమైంది. మహారాజా సూర్యారావు 1964లో మరణించారు.