ఉక్కు గట్టిదనమును కొలిచిన బ్రినెల్

లోహములన్నియు ఒకే విధముగ గట్టివి కావు. సీసమును గోటితో గీయవచ్చును. ఉక్కును అరగదీయుటకు ఆకురాయి కావలెను. ఉక్కులో సైతము పెక్కు తరగతులు కలవు. మెత్తని ఉక్కుతో చేసిన పనిముట్టు త్వరగ అరిగిపోవును. మితిమీరి గట్టిపడినది పుటుక్కున విరిగిపోవును. రైలుపట్టా గాని, బండి ఇరుసు గాని విరిగినచో ప్రాణములకే ముప్పు. అయినను పూర్వము పనివారు ఉక్కును ఆకురాయితో రాచియో, ముక్కను విరిచి చూచియో దాని గట్టిదనమును ఊహించుచుండిరి. ఒకరు గట్టిదన్నదానిని వేరొకరు మెత్తనిదనుట కద్దు. ఈ సందేహమును అంకెతో తీర్చినవాడు యోహాన్ ఆగస్ట్ బ్రినెల్.

బ్రినెల్ 1849వ సంవత్సరమున స్వీడను దేశమందలి బ్రింగెటోఫ్టా అను గ్రామమున జన్మించెను. బోరాస్ పట్టణమందలి సాంకేతిక పాఠశాలలో చదివి, 1875లో లేషెఫోర్స్ ఇనుప కర్మాగారమున ఇంజనీరుగ చేరెను. 1882లో ఫాగెర్స్టా కర్మాగారమునకు ప్రధాన ఇంజనీరయ్యెను. కాచినపుడును, చల్లార్చినపుడును ఉక్కు లోపలి అమరిక ఎట్లు మారునో అచట ఓపికతో పరిశీలించి, 1885లో ఆ ఫలితములను ప్రకటించెను.

1900లో పారిస్ నగరమున జరిగిన ప్రదర్శనమున ఆయన తన కొత్త పరీక్షను లోకమునకు చూపెను. అది మిక్కిలి సులభమైనది. 10 మిల్లీమీటర్ల వ్యాసము గల గట్టి ఉక్కు గుండును నునుపుచేసిన ఉక్కుపై ఉంచి, 3000 కిలోగ్రాముల బరువుతో అదుమవలెను. గుండును తీసిన పిదప అచట చిన్న గుంట మిగులును. బరువును ఆ గుంట ఉపరితల వైశాల్యముతో భాగించగా వచ్చునదే బ్రినెల్ సంఖ్య. గుంట వ్యాసము 5 మిల్లీమీటర్లయినచో సంఖ్య సుమారు 143. 4 మిల్లీమీటర్లయినచో 229. గుంట ఎంత చిన్నదో లోహమంత గట్టిదన్నమాట. వస్తువును విరువనక్కరలేదు, ఎవరు కొలిచినను ఫలితమొక్కటే.

ఈ పద్ధతికి కొన్ని కొరతలు లేకపోలేదు. మిక్కిలి గట్టి ఉక్కుపై అదిమినచో గుండే రూపు చెడును. అట్టివానికై తరువాతివారు వజ్రపు మొనను వాడిరి. అంత బరువు మోపు యంత్రమును వంతెన దూలము కడకు మోసికొనిపోవుటయు కష్టమే. అందులకు బొహీమియా దేశపు పోల్డీ ఉక్కు కర్మాగారము పేర ప్రసిద్ధమైన చేతి పనిముట్టు వచ్చినది. దానియందు గుండు, గట్టిదనము ముందే తెలిసిన ఉక్కు కడ్డీకిని, పరీక్షింపవలసిన వస్తువునకును నడుమ నుండును. సుత్తితో ఒక్క దెబ్బ కొట్టగానే రెండింటిపైనను గుంటలు పడును. దెబ్బ బలమెంతయో తెలియనక్కరలేదు. రెండు గుంటలను పోల్చిన చాలును. జేబులో పట్టు ఆ పనిముట్టునకు మూలము బ్రినెల్ గుండే.

బ్రినెల్ 1903లో స్టాక్‌హోములోని స్వీడను ఇనుప పరిశ్రమ సంఘమున ప్రధాన ఇంజనీరయ్యెను. 1907లో ఆయనకు బెస్సెమర్ స్వర్ణ పతకము లభించెను. 1925లో ఆయన పరమపదించెను. నేటికిని కర్మాగారములలో ఉక్కు గట్టిదనమును తెలుపు పత్రములపై ఆయన పేరు కనబడుచునే యున్నది. ఊహకు బదులుగ కొలతను నిలిపిన ఆ ఇంజనీరు, తాను ఎన్నడును చూడని ప్రయాణికుల ప్రాణములకు సైతము అండగ నిలిచెను.