చైన్ సాగిందా? అరిగిందా?

పాత అంబాసిడర్ ఒకటి షెడ్డుకొచ్చింది అనుకుందాం. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజన్ ముందు భాగంలో గలగలమని చప్పుడు. పికప్ కూడా తగ్గింది. మెకానిక్ ఒక్క ముక్కలో తేల్చేస్తాడు, టైమింగ్ చైన్ సాగిందని. మీరు ఐటీఐ, డిప్లొమా, బీటెక్ మెకానికల్.. ఏది చదివినా సరే, ఇంటర్వ్యూలో ఎవరైనా ఆ మాట పట్టుకుని ఉక్కు చైన్ ఎలా సాగుతుందో చెప్పమంటే? చాలామంది అక్కడే తడబడతారు. జవాబు కావాలంటే హాన్స్ రెనాల్డ్ జీవితంలోకి ఓసారి వెళ్లొద్దాం.

రెనాల్డ్ 1852లో స్విట్జర్లాండ్‌లోని ఆరౌలో పుట్టాడు. (తర్వాతి కాలంలో ఐన్‌స్టీన్ స్కూలు చదువు ముగించింది ఈ ఊళ్లోనే.) జ్యూరిచ్‌లో ఇంజినీరింగ్ చదివి, 1873లో 21 ఏళ్ల వయసులో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ చేరాడు. అప్పట్లో నూలు మిల్లులకి రాజధాని ఆ ఊరు. 1879లో పక్కనే ఉన్న సాల్ఫర్డ్‌లో జేమ్స్ స్లేటర్ అనే ఆయన నుంచి ఓ చిన్న వర్క్‌షాప్ కొన్నాడు. మిల్లు యంత్రాలకి చైన్లు తయారుచేసే షాపు అది. పేరు చెబితే గొప్పగా ఉండే వ్యాపారం కాదు. కానీ చేతికొచ్చిన సరుకులో లోపం ఎక్కడుందో వెతకడం మాత్రం వెంటనే మొదలుపెట్టాడు.

లోపం కీలు దగ్గరుంది. చైన్‌లో ప్రతి లింకూ పక్క లింకుతో ఒక పిన్ను మీద కలుస్తుంది. పాత చైన్లలో పక్క ప్లేట్ల సన్నటి అంచులే ఆ పిన్ను మీద రాసుకుంటూ తిరిగేవి. బరువంతా ఆ కాస్త అంచు మీదే. దాంతో పిన్నులో గాడి పడి, కీలు లూజయ్యేది. 1880లో రెనాల్డ్ పేటెంట్ తీసుకున్న మార్పు చూడ్డానికి చాలా చిన్నది. లోపలి ప్లేట్ల మధ్య ఒక గొట్టం లాంటి బుష్ బిగించాడు. ఇప్పుడు పిన్ను ఆ బుష్ పొడవంతా ఆనుకుని తిరుగుతుంది. బుష్ మీద వదులుగా రోలర్ ఉంటుంది, అది స్ప్రాకెట్ పళ్ల మీద గీసుకోకుండా దొర్లుతుంది. ఇదే బుష్ రోలర్ చైన్. మీ బైక్ వెనక చక్రాన్ని తిప్పే చైన్ కూడా ఇదే కుటుంబం. అయిదేళ్లకి, 1885లో, స్టార్లీ సేఫ్టీ సైకిల్ వచ్చింది. అలాంటి సైకిళ్లకి గట్టి చైన్లు కావాల్సొచ్చాయి, రెనాల్డ్ షాపుకి పని పెరిగింది.

గమనించండి, రెనాల్డ్ అరుగుదలని ఆపలేదు. ఒత్తిడిని ఎక్కువ చోటు మీదకి పరిచి, దాన్ని నెమ్మదింపజేశాడు అంతే. ఇంటర్వ్యూ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ఉక్కు ప్లేట్లు సాగవు. ప్రతి కీలు దగ్గర పిన్ను, బుష్ అరుగుతాయి. ఉదాహరణకి 9.525 మిల్లీమీటర్ల పిచ్‌తో 50 లింకుల చైన్ తీసుకుందాం. ఒక్కో కీలులో 0.05 మి.మీ. లూజు వచ్చినా మొత్తం రెండున్నర మి.మీ. పెరిగినట్టే. అంటే సుమారు అర శాతం. కంటికి కనపడని అరుగుదల 50 చోట్ల కలిసి చప్పుడు చేస్తుందన్నమాట.

చప్పుడు ఒక్కటే అయితే భరించొచ్చు. కానీ ఈ చైన్ క్రాంక్ షాఫ్ట్ నుంచి కామ్ షాఫ్ట్‌ని తిప్పుతుంది, క్రాంక్ రెండు చుట్లకి కామ్ ఒక చుట్టు. చైన్ పొడవు పెరిగితే కామ్ వెనకబడుతుంది, వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి. అంబాసిడర్ లాంటి పాత ఇంజన్లలో డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పేది కూడా కామ్ షాఫ్టే కాబట్టి స్పార్క్ కూడా ఆలస్యమవుతుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు. డిస్ట్రిబ్యూటర్‌ని కాస్త తిప్పి స్పార్క్ సరిచేసి బండి అప్పగించేస్తారు. వాల్వుల ఆలస్యం మాత్రం అలాగే ఉంటుంది, నెల తిరక్కుండా బండి మళ్లీ షెడ్డులోనే.

అందుకే ముందు నిర్ధారణ. ఫ్యాన్ బెల్ట్ తీసేసి కొన్ని సెకన్లు మాత్రం ఇంజన్ నడపండి. చప్పుడు పోతే తప్పు వాటర్ పంపుదో డైనమోదో అయ్యుండొచ్చు. ఉంటే ఇంజన్ ఆపి, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పి, క్రాంక్‌ని స్పానర్‌తో ఒకవైపు కొంచెం తిప్పి, తర్వాత రెండోవైపు తిప్పండి. రోటర్ కదలడం మొదలయ్యేలోపు క్రాంక్ ఎంత ఖాళీగా తిరిగిందో చూడండి. అదే లూజు. డిస్ట్రిబ్యూటర్ గేరులోనూ కాస్త ఆట ఉంటుంది కాబట్టి తుది తీర్పు కవర్ విప్పాకే.

విప్పే ముందు ఒకటో సిలిండర్ పిస్టన్‌ని పైకి తెచ్చి, రెండు స్ప్రాకెట్ల మీద గుర్తులు ఎదురెదురుగా వచ్చేలా చూసుకోవాలి. బయటికి తీసిన చైన్‌ని అడ్డంగా, అంటే పిన్నులు నిలువుగా ఉండేలా పట్టుకోండి. కొత్తది దాదాపు తిన్నగా నిలుస్తుంది, అరిగినది విల్లులా వంగిపోతుంది. డబ్బు మిగులుతుందని కస్టమర్ అడిగినా చైన్ ఒక్కటే మార్చకండి. అరిగి కొక్కేల్లా వంగిన పళ్ల మీద కొత్త చైన్ ఎక్కిస్తే అదీ తొందరగా పోతుంది. స్ప్రాకెట్లు, టెన్షనర్, ముందు ఆయిల్ సీల్ కలిపి మార్చాలి. రెండు స్ప్రాకెట్లూ ఒకే వరసలో ఉన్నాయో లేదో స్టీల్ స్కేలు ఆనించి చూడాలి.

రెనాల్డ్ అరుగుదలతో పేచీ అక్కడితో వదల్లేదు. 1895లో సైలెంట్ చైన్ తెచ్చాడు. ఇందులో లింకులకే పళ్లుంటాయి. కీళ్లు అరిగి పొడవు పెరిగేకొద్దీ చైన్ స్ప్రాకెట్ పళ్ల మీద కాస్త పైకి జరిగి సర్దుకుంటుంది. అరగడం ఖాయమని ఒప్పుకుని, అరిగినా పనిచేసేలా గీసిన డిజైన్ అది, నా దృష్టిలో ఆయన చేసినవాటిలో అన్నిటికన్నా తెలివైంది. తర్వాత కార్ల ఇంజన్లలో కామ్ షాఫ్ట్ తిప్పడానికి ఈ రకమే బాగా వాడారు.

మనుషులు అరిగిపోవడం గురించీ ఆలోచించాడు. ఇంగ్లండ్ ఇంజినీరింగ్ షాపుల్లో వారానికి 53, 54 గంటల పని మామూలుగా ఉన్న రోజుల్లో, 1896లో తన ఫ్యాక్టరీలో 48 గంటలు చేశాడు. కార్మికులకి క్యాంటీన్ పెట్టాడు. మేనేజ్‌మెంట్ చదివేవాళ్లకి టేలర్ పేరు తెలుసు కదా, ఆ పద్ధతుల్ని బ్రిటన్‌లో ముందుగా పరీక్షించి చూసిన కంపెనీల్లో రెనాల్డ్‌ది ఒకటి. కొడుకు చార్లెస్‌ది అందులో పెద్ద చెయ్యి. 1930లో కంపెనీ కోవెంట్రీ చైన్ కంపెనీతో కలిసింది. హాన్స్ రెనాల్డ్ 1943లో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

షెడ్డులో అంబాసిడర్‌కి కొత్త చైన్ ఎక్కింది. ఇంకా తాళం తిప్పకండి. స్పానర్‌తో చేత్తోనే క్రాంక్‌ని రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ ఎదురెదురుగా వచ్చాయో లేదో చూడండి. ఒక్క పన్ను తేడా ఉన్నా కవర్ మూయకుండా విప్పి మళ్లీ ఎక్కించాల్సిందే. కొన్ని ఇంజన్లలో ఆ తేడాకే పిస్టన్ వాల్వుకి తగులుతుంది. గుర్తులు కలిశాక ప్యాకింగ్ వేసి కవర్ బిగించండి, ఇగ్నిషన్ టైమింగ్ మళ్లీ పెట్టుకోండి. పాత చైన్ పారేయకుండా ఓ చిన్న ముక్క కోసి మీ దగ్గర ఉంచుకుంటే, ఇంటర్వ్యూకి వెళ్లేముందు పిన్ను, బుష్ మధ్య లూజు చేత్తో కదిపి చూసుకోవచ్చు.