మన మందుల డబ్బాలో ఎల్లాప్రగడ సుబ్బారావు

మెదక్ జిల్లాలో రేగోడ్ లాంటి ఊళ్లలో బోదకాలు మాత్రలు పంచడానికి ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరగడం మనకు కొత్తేమీ కాదు. ఆ డీఈసీ మాత్రను ఈ జబ్బుకు మందుగా లోకానికి అందించిన బృందానికి పెద్ద ఒక తెలుగువాడే. ఆయన పేరు డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. నాన్న చిన్న ఉద్యోగి, ఇంట్లో పేదరికం. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గి మనిషి క్షీణించిపోయే జబ్బు అది. 

మద్రాసు మెడికల్ కాలేజీలో ఆపరేషన్ గదికి ఖద్దరు దుస్తులు వేసుకెళ్లారు. దొర ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్. దాంతోనే, మామగారు, కాకినాడ ధర్మసంస్థ ఇచ్చిన డబ్బుతో భార్యను ఇక్కడే వదిలి అమెరికా ఓడ ఎక్కారు. బోస్టన్‌లో ఆస్పత్రిలో రాత్రి కూలి పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. మళ్లీ స్వదేశం చూడలేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1929లో వాళ్లిద్దరూ కండరాల్లో ఏటీపీ అనే పదార్థాన్ని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా దాన్ని వేరుగా కనిపెట్టారు. కణానికి శక్తినిచ్చే చిల్లర డబ్బు లాంటిది ఏటీపీ. నడిచినా, ఊపిరి పీల్చినా ఖర్చయ్యేది అదే.

ఆయన పోయిన చాలా ఏళ్లకు ఇదే ఏటీపీ గురించి మరో సంగతి బయటపడింది. మన రక్షణ కణాల పైపొర మీద తాళాల్లాంటి ప్రోటీన్లు ఉంటాయి. వాటిని రిసెప్టర్లు అంటారు. ఒక్కో తాళానికి సరిపోయే తాళంచెవి వేరు, దాని పేరు లైగాండ్. ఆకారం కుదిరి, విద్యుదావేశాలు కలిస్తేనే రెండూ అతుక్కుంటాయి. అప్పుడు తాళం ఆకారం కొద్దిగా మారి, కణం లోపలికి కబురు వెళుతుంది. ఏటీపీ మామూలుగా కణం లోపలే ఉంటుంది. దెబ్బ తగిలి కణం పగిలితే బయటికి కారుతుంది. దాన్ని పీ2ఎక్స్7 అనే రిసెప్టర్ పట్టుకుంటుంది. కొంచెం ఏటీపీకి అది కదలదు, ఎక్కువ మోతాదు కావాలి. అందుకే చిన్న చిన్న వాటికి ఊరికే గంట మోగదు. పెద్ద నష్టం జరిగితే మాత్రం వాపు, జ్వరం తెచ్చే రసాయనాలు విడుదలవుతాయి.

1940లో సుబ్బారావు లెడర్లీ కంపెనీలో చేరి పరిశోధన విభాగానికి పెద్ద అయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకు అది పనిచేసింది. ఈరోజు గర్భిణులకు ఇచ్చే మాత్రల్లో ఉండేదీ అదే.

తర్వాత అదే ఫోలిక్ యాసిడ్‌ను కొద్దిగా మార్చి దొంగ తాళంచెవి చేశారు. అదే అమైనోప్టెరిన్. ఇది పనిచేసే తాళం పైపొర మీద కాదు, కణం లోపలి ఎంజైము. దొంగ తాళంచెవి అందులో ఇరుక్కుంటే అసలుది పనిచేయదు, కణం కొత్త డీఎన్ఏ తయారు చేసుకోలేదు. తెల్ల రక్తకణాలు హద్దు లేకుండా పెరిగే లుకేమియాకు దీన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గింది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్‌ను ఇప్పుడు కీళ్లవాతానికీ వాడతారు. దాన్ని వారానికి ఒక్కసారే, అదీ డాక్టర్ చెప్పినట్టే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు వాడుతుంటే ఈ సంగతి పిల్లలకు కూడా తెలిసి ఉండాలి.

ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఆయన విభాగంలో డగ్గర్ పనిలోంచే వచ్చింది. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. నోబెల్ రాలేదు, అమెరికా పౌరసత్వమూ తీసుకోలేదు. 1995లో మన తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు వేసింది.

పరీక్ష తప్పిన పిల్లలున్న ఇళ్లలో ఆయన కథ చెప్పండి. మెట్రిక్ రెండుసార్లు పోయినవాడి మందు ఇవాళ మన ఇంటి డబ్బాలో ఉందని కూడా చెప్పండి.